నున్న చుక్క, ముళ్ళ చుక్క

దీపాలు పెట్టే వేళకి నా చేతులకిప్పుడు పని లేదు. ఆరేళ్ళపాటు ఆ వేళకి గోరువెచ్చని నీళ్ళ బేసిన్, పాత పంచె ముక్క, బ్యాటరీ లైటు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళేదాన్ని. మా వదిన లోవలక్ష్మి స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఆ కాళ్ళు కడిగి, తుడిచి, ఒక్కొక్క వేలి సందూ విడదీసి లైటు వేసి చూసేదాన్ని. గవ్వ కోసిందా, ముల్లు దిగిందా, బొబ్బ లేచిందా అని. ఆమెకి తెలిసేది కాదు. చూసి చెప్పాల్సింది నేనే. "ఏవుందే?" అని రోజూ అడిగేది. "ఏం లేదు వదినా" అనేదాన్ని. దాంతో మా రోజు ముగిసేది. పోయిన కార్తీకంలో వదిన పోయింది. ఇప్పటికీ కొన్నాళ్ళు మరిచిపోయి నీళ్ళు కాచేస్తాను. బేసిన్‌లో పోశాక గుర్తొస్తుంది. తీసుకెళ్ళి మునగ చెట్టుకి పారబోస్తాను.

వదిన అంటే మా ఆయన వెంకటరమణకి స్వయానా అక్క. తొంభై ఆరు తుఫానుకి ఆమె భర్త ఎక్కిన బోటు తిరిగి రాలేదు. పదకొండు రోజులు ఒడ్డున కూర్చుని చూసి, పన్నెండో రోజు ఒక రేకు పెట్టె, ఒక వెదురు బుట్ట తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. మా ఊరు ఉప్పాడకి దగ్గర. సముద్రం ఏటేటా ఇంత ఊరిని కొరుక్కుపోయే ఒడ్డు. వదిన వచ్చిన నెలకి మా హారతి పుట్టింది. నాకు బాలింత జ్వరం తగిలి మంచం దిగలేకపోయాను. పిల్లకి తొలి స్నానం దగ్గర నుంచి అన్నప్రాసన ముద్ద దాకా అన్నీ వదిన చేతుల మీదే జరిగాయి. హారతి నా దగ్గర పాలు తాగి, ఆమె దగ్గర నిద్రపోయేది.

మా ఒడ్డున అలివి వల లాగుతారు. పడవ వెళ్ళి వలని సముద్రంలో నెలవంకలా విడిచి వస్తుంది. ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని లాగుతాయి. వల సంచి ఇసక మీదికి చేరాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరతారు. అమ్మే చేప ఒక బుట్టలోకి, ఇంటి చేప ఒక బుట్టలోకి, పనికిరాని తుక్కు వీపు వెనక్కి. వల అడుగు నేలని రాసుకుంటూ వస్తుంది కాబట్టి ఇసకలో దాక్కుని బతికేవన్నీ ఆ తుక్కులో ఉంటాయి. వరసలో చోటున్న మనిషికే వాటా ఉంటుంది. ఆ చోటు అత్త నుంచి కోడలికో, తల్లి నుంచి కూతురికో వస్తుంది. మా అత్తగారి చోటు వదినకి వచ్చింది.

వదిన చూసి ఏరేది కాదు. పొద్దు పొడవకముందే వల ఒడ్డెక్కిన రోజున మిగతావాళ్ళు లాంతరు కోసం కేకలేస్తుంటే, ఆమె పక్కావిడతో కబుర్లు చెబుతూ, మొహం అటు తిప్పుకునే బుట్టలు నింపేసేది. అంతా బొటనవేలితోనే. పీత మగదో ఆడదో, మెత్తటి చేప నిన్నటిదో ఇవాళ్టిదో వేలు తగలగానే చెప్పేది. వల పెద్ద బంగార్రాజుకి ఎవరి మీదా నమ్మకం లేదు గాని, లోవలక్ష్మి బొటనవేలంటే నమ్మకం.

తొంభై తొమ్మిది మొదట్లో అశోక్ అనే అబ్బాయి వైజాగ్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. కాకినాడలో గది తీసుకుని ఉండి, రోజూ మోటారు సైకిలు మీద మా ఒడ్డుకి వచ్చేవాడు. మన తీరంలో ఇసకలో బతికే నక్షత్ర చేపలు ఏ ఏ రకాలున్నాయో రాసుకోవడం అతని పని. మేము వాటిని ఇసక చుక్కలంటాం. అయిదు చేతులు, అరచేయంత వెడల్పు, చేతుల పక్కన దువ్వెన పళ్ళలా ముళ్ళు. తుక్కులోవి ఏరుకుని సీసాల్లో వేసి, వాటి మీద స్పిరిట్ పోసేవాడు. ఆ వాసనకి బంగార్రాజు వచ్చి సీసా ఎత్తి చూసి, "యానాం మందేనా బాబూ? మమ్మల్నీ ఒకళ్ళిద్దర్ని అందులో ఎయ్యండి, పాడవకుండా ఉంటాం" అన్నాడు. అందరం నవ్వాం.

ఒకరోజు అశోక్ ఒక పళ్ళెంలో ముప్పై చుక్కలు పెట్టుకుని, భూతద్దంతో చూస్తూ, పుస్తకం తిరగేస్తూ పొద్దున్నించీ తంటాలు పడుతున్నాడు. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. అతనేదో అంటుండగానే పళ్ళెం తన వైపు లాక్కుని, సముద్రం కేసి చూస్తూ, ఒక్కొక్క చుక్క అంచు మీద వేలు పోనిచ్చి రెండు కుప్పలు పెట్టేసింది. "ఇది నున్న చుక్క, ఇది ముళ్ళ చుక్క" అంది. పక్క ముళ్ళు రెండిటికీ ఉంటాయి. ముళ్ళ చుక్కకి మాత్రం పైన, అంచు మీద, నిటారుగా ఇంకో వరస ముళ్ళుంటాయి. బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. అశోక్ రెండు కుప్పలూ అద్దం కింద పెట్టి చూసుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు నుంచి ఆమెని "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు.

వెళ్ళిపోయే ముందు ఒక మాట చెప్పాడు. జపాను వైపు సముద్రంలో ఈ జాతి చుక్కలు కొన్నిటిలో విషం ఉందని పుస్తకాల్లో రాశారట. ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేపలో ఉండే విషమే అది. మన ముళ్ళ చుక్క వాటికి దగ్గర చుట్టంలా ఉందని, దీనిలో విషం ఉందో లేదో ఇక్కడెవరూ పరీక్ష చేయలేదని చెప్పాడు. చేత్తో పట్టుకుంటే ఏమీ కాదని, కడుపులోకి పోతేనే ప్రమాదమని, పిల్లల్నీ బాతుల్నీ తుక్కుకి దూరంగా ఉంచమని అన్నాడు. తింటే ఏమవుతుందని ఎవరో అడిగారు. ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత కాళ్ళూ చేతులూ, చివరికి ఊపిరి ఆడదని చెప్పాడు. వదిన లేచి చేతులు కడుక్కుంది. ఒకసారి కడుక్కుని, మళ్ళీ ఇంకోసారి కడుక్కుంది.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో నేను గమనించాను, వదిన హారతికి ముద్దలు పెట్టడం మానేసింది. పిల్ల నోరు తెరుచుకుని ఎదురుగా కూర్చుంటే, "మీ అమ్మని అడగవే" అని లేచిపోయేది. ఎత్తుకోవడం తగ్గించింది. బుగ్గ పట్టుకోవడం పూర్తిగా మానేసింది. నా బిడ్డ ఆమెకి బరువైపోయిందని అనుకున్నాను. మా ఆయనతో అంటే కసిరాడు. అయినా నా మనసులో ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

రెండువేల సంవత్సరం, సంక్రాంతి వెళ్ళిన వారం. మా ఆయన తాళ్ళ కోసం తుని వెళ్ళాడు. ఏరడం అయిపోయి వదిన బుట్ట కడుక్కుంటోంది. నేను చేపలు ఎండబెట్టిన పట్టా దగ్గర కాకుల్ని తోలుతున్నాను. హారతికి అప్పటికి మూడేళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే తుక్కు కుప్ప పక్కన కూర్చుని ఉంది. నోటి నిండా ఇసక. దవడ ఆడుతోంది. చేతిలో ఇసక చుక్క. దానికి నాలుగు చేతులే ఉన్నాయి.

పరుగెత్తి పిల్ల నోట్లో వేలు పెట్టి తోడాను. ఇసక వచ్చింది, రెండు మూడు గట్టి పలుకులు వచ్చాయి, ఇంకేమీ రాలేదు. ఎంత మింగిందో తెలియదు. వదిన వచ్చి పిల్ల చేతిలో చుక్కని తీసుకుంది. అంచు మీద బొటనవేలు పోనిచ్చింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

"నున్నదే. భయపడకు" అంది.

నేను నమ్మాను. ఆ ఒడ్డున ఎవరైనా నమ్ముతారు. పిల్లని ఇంటికి తీసుకొచ్చి, నోరు కడిగి, నీళ్ళు తాగించి ఒళ్ళో వేసుకున్నాను. వదిన గుమ్మం దగ్గర కూర్చుంది. చుక్క ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పడేయమన్నాను. వినిపించుకోలేదు. పిల్ల పెదవుల కేసి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. బొటనవేలిని చీర కుచ్చెళ్ళకి రుద్దుతోంది, మళ్ళీ చుక్క మీద పెడుతోంది, మళ్ళీ రుద్దుతోంది. కాసేపటికి హారతి చేతి వెనక భాగంతో పెదవులు తుడుచుకుంది. ఇసక గరగరకి తుడుచుకుందో, ఎందుకు తుడుచుకుందో నాకు తెలియదు. రెండోసారి తుడుచుకోగానే వదిన లేచి నా దగ్గరికి వచ్చి చుక్కని నా చేతిలో పెట్టింది.

"నువ్వోసారి సూడమ్మా సత్తివాణీ."

"నువ్వు చూశావు కదా వదినా."

"నాకు తెలీలేదే. ఏడాదై నా వేళ్ళకి ఏదీ తెలీటం లేదు. తిమ్మిరి. ఆ చుక్కల ఇసం నా చేతులకెక్కింది. అందుకే దానికి ముద్ద కూడా పెట్టటం లేదు."

ఏడాదిగా ఆమె వరసలో కూర్చుని, పక్కావిడ బుట్టని ఓరగా చూస్తూ, బరువుని బట్టి, వాసనని బట్టి ఏరుతోంది. తెలిస్తే చోటు పోతుంది. అశోక్ చెప్పిన అన్ని మాటల్లో ఆమె చెవిలో మిగిలింది తిమ్మిరి ఒక్కటే. జన్మంతా పట్టుకున్న చుక్కలు తన చేతుల్లో విషం నింపేశాయనుకుంది. ముద్ద పెడితే ఆ విషం పిల్లకి పోతుందని భయపడింది. ఇదంతా తర్వాత, మెల్లగా తెలిసింది. ఆ క్షణంలో నాకు ఒక్కటే అర్థమైంది. అది ఏ చుక్కో ఎవరికీ తెలియదు. నేను వెలుతురుకి పట్టుకుని చూశాను. ఎండి, ఇసక గట్టిపడి ఉంది. ముళ్ళున్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. భయంతో చూసే కళ్ళకి ఏదీ సరిగా కనబడదు.

వదిన చుక్కని కొంగున ముడేసుకుంది. నేను పిల్లని చంకనెత్తుకున్నాను. రోడ్డు మీద ఆటో ఆపి కాకినాడ పోనిమ్మన్నాం. ఆ బీచి రోడ్డు అంత పొడుగని నాకు ఆ రోజే తెలిసింది. ఒక పక్క సముద్రం కనిపిస్తూనే ఉంది, చూడబుద్ధి కాలేదు. హారతి ఏడుస్తుంటే ధైర్యంగా ఉండేది, ఊరుకుంటే భయం వేసేది. ఊరుకున్నప్పుడల్లా పాదం గిల్లేదాన్ని. "ఎందుకమ్మా" అని ఏడ్చేది. ఆ "అమ్మా" ముద్దగా పలికిందేమోనని మళ్ళీ గిల్లేదాన్ని. వదిన మాత్రం మాకు తగలకుండా ఆటో అంచుకి జరిగి, రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

పిల్లల డాక్టరు పెద్దాయన. గుండె విన్నాడు, కళ్ళలో లైటు వేశాడు. ఇలాంటి కేసు తానెప్పుడూ చూడలేదని దాచకుండా చెప్పాడు. విషమే అయితే విరుగుడు లేదని, ఊపిరి తగ్గితే మిషను పెట్టాలని, అది పెద్దాసుపత్రిలోనే ఉందని అన్నాడు. సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండాలి. "ఇంతకీ అది ఏ రకమో చెప్పగలవాళ్ళెవరైనా ఉన్నారా? విషపు రకమని తెలిస్తే ఇప్పుడే అక్కడికి పంపించేస్తాను" అన్నాడు.

ఆ నెలలో అశోక్ మళ్ళీ వచ్చి ఉన్నాడు. జగన్నాథపురంలో వంతెన దగ్గర గది అని తెలుసు. వదిన వెళ్ళింది. చదువు రాదు, కాకినాడ వీధులు తెలియవు. వంతెన దగ్గర కనిపించిన ప్రతి మనిషినీ "చుక్కలు ఏరుకునే బాబు ఎక్కడుంటాడండీ" అని అడిగిందట. ఆ తిరగడంలో ఒక చెప్పు ఎక్కడో జారిపోయినా ఆమెకి తెలియలేదు. గంట లోపల అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

అశోక్ డాక్టరు గారి బల్ల మీదే సామాను పరిచాడు. చుక్కని నీళ్ళలో నానబెట్టి, కుంచెతో ఇసక దులిపి, కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాడు. మేమిద్దరం అతని వీపు చూస్తూ నిలబడ్డాం. చుక్క అంచు చుట్టూ ఉండే చిన్న పలకల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. పుస్తకంలో బొమ్మ చూశాడు, మళ్ళీ అద్దంలోకి వంగాడు. చాలాసేపటికి తిరిగాడు. నా వైపు చూడలేదు, వదిన వైపు చూశాడు.

"పైన ముళ్ళు విరిగిపోయాయమ్మా. మొదళ్ళు కనిపిస్తున్నాయి. ముళ్ళ చుక్కే."

వదిన బొటనవేలిని పిడికిట్లో మూసుకుంది.

డాక్టరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి, తన కారులోనే పంపించాడు. అక్కడ మంచం మీద పిల్లని పడుకోబెట్టి, మిషను పక్కకి తెచ్చి ఉంచారు. వాడలేదు, ఊరికే ఉంచారు. దాని మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డని చూస్తూ కూర్చున్నాను. హారతికి నిద్ర వచ్చింది. నిద్రపోనివ్వచ్చో లేదో తెలియదు. నర్సు పరవాలేదంది. నా అరచేయి పిల్ల ఛాతీ మీద వేశాను. ఎత్తుతోంది, దిగుతోంది. దిగాక మళ్ళీ ఎత్తేలోగా ఉండే ఆ సందులో నేను ఎన్నిసార్లు చచ్చానో. తల దగ్గర నేను, కాళ్ళ దగ్గర వదిన. మంచం ముట్టుకోలేదు ఆమె. మూడు గంటలైంది, నాలుగైంది. కిటికీ మీద ఎండ ఎర్రబడింది.

అయిదున్నరకి హారతి లేచి కూర్చుని, అటూ ఇటూ చూసి, "అత్తా, బువ్వ" అంది.

తర్వాత చాలాసార్లు అశోక్‌ని అడిగాను. మన ముళ్ళ చుక్కలో విషమే లేదేమో, ఉన్నా పిల్ల మింగింది తక్కువేమో, విరిగిన చెయ్యి అసలు నోట్లోకే పోలేదేమో, తనకి తెలియదన్నాడు. తెలియనిదాన్ని తెలుసని రాయకూడదన్నాడు. ఆ "తెలియదు" నా లోపల ఇవాళ్టికీ ఉంది. పిల్ల కాలు తిమ్మిరెక్కిందంటే చాలు, దాని పెదవులు చూస్తాను.

ఆ సాయంత్రం పిల్లని చూడటానికి వచ్చిన పిల్లల డాక్టరు మాకు టీ తెప్పించాడు. నిండా పొగలు కక్కే స్టీలు గ్లాసులు. నేను కొంగుతో పట్టుకున్నాను. వదిన గ్లాసుని రెండు అరచేతుల మధ్య అలాగే పట్టుకుని కూర్చుంది. ఆయన చూశాడు. "కాలట్లేదామ్మా?" అని అడిగాడు. చేతులు చాపమన్నాడు, కాళ్ళు చూపించమన్నాడు. చెప్పులేని పాదంలో ఇంత గాజుముక్క దిగి ఉంది, రక్తం ఎండిపోయి ఉంది. వదిన ఇక దాచలేక చుక్కల విషం సంగతి చెప్పేసింది. ఆయన నవ్వలేదు. విషమైతే ఏడాది ఆగదని చెప్పి రక్తం తీయించాడు. షుగరు. ఎంత ఉందో చూసి ఆయనకే చెమట పట్టింది. ఇకమీదట రోజూ ఎవరో ఒకరు ఆ పాదాలు చూడాలి, ఒక్కరోజు కూడా మానకూడదు అని నా కేసి చూస్తూ చెప్పాడు.

మర్నాడు వదిన వరస మధ్యకి వెళ్ళి నిలబడి, నా వేళ్ళు చచ్చిపోయాయి, చోటు మా మరదలికి ఇవ్వండని తనే చెప్పింది. బంగార్రాజు, "నీ వేలు లేకపోతే ఈ వరసంతా గుడ్డిదేనే లోవలక్ష్మీ" అన్నాడు. వెటకారానికి అన్నాడో బాధకి అన్నాడో గాని మొహం తిప్పుకున్నాడు. నేను ఏరుతుంటే ఆమె నా వెనక కూర్చునేది. తగిలింది తగిలినట్టు చెప్పమనేది. "గరుగ్గా ఉంది, మధ్యలో గుంట ఉంది" అంటే అదేదో చెప్పేది. ఆరేళ్ళలో సగం సముద్రం అలా నేర్పింది. రాత్రి ముద్దలు మళ్ళీ ఆమే పెట్టింది, హారతి వద్దు మొర్రో అనే వయసు వచ్చేదాకా.

చెయ్యి విరిగిన చుక్క తనకి పనికిరాదని అశోక్ అన్నప్పుడు, ఇటివ్వమని వదిన అడిగింది. అతను సీసాలో వేసి స్పిరిట్ పోసి ఇచ్చాడు. స్పిరిట్ ఆవిరైపోతూ ఉంటుందని, తగ్గినప్పుడు పోయకపోతే చుక్క ఎండి పొడైపోతుందని చెప్పాడు. ఆమె దాన్ని వంటింటి గూట్లో, నిలబడితే కంటికెదురుగా ఉండేలా పెట్టింది. పారేయమని ఎన్నోసార్లు పోట్లాడాను. "ఉండనీ. నా నోటితో 'నున్నదే' అన్నాను" అనేది. ఏటా సంక్రాంతి వెళ్ళాక మా ఆయన చేత మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెప్పించి, మూత తీసి, చుక్క మునిగేదాకా తనే పోసేది.

పోయిన ఆశ్వయుజంలో హారతికి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేమీ కాదు. కాని ఆ పిల్ల ఒళ్ళు కాలితే నాకు ఆ మిషను మీది ఆకుపచ్చ గుడ్డే కనిపిస్తుంది. రెండు సాయంత్రాలు పిల్ల మంచం దిగలేదు నేను. మూడోరోజు బేసిన్ పట్టుకుని వెళ్ళేసరికి వదిన మడమ కింద నల్లగా ఉంది. "ఏవుందే?" అని మామూలుగానే అడిగింది. నేను లైటు ఆర్పేసి, "ఏం లేదు వదినా" అన్నాను. లోపలికి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. పొద్దున్నే కాకినాడ తీసుకెళ్ళాం. పాదం తీసేశారు. అయినా నిలవలేదు.

మొన్న సంక్రాంతి వెళ్ళింది. గూట్లో సీసా చూశాను. స్పిరిట్ సగానికి దిగింది. చుక్క రెండు చేతులు పైకి తేలి, అంచులు తెల్లబడుతున్నాయి. మా ఆయన చొక్కా వేసుకుంటూ, "కాకినాడ వెళ్తున్నాను, స్పిరిట్ తేవాలా?" అని అడిగాడు.

వద్దన్నాను.